ఆర్‌ఎన్‌ఏ కొసల రసాయన మార్పులు, వాటిని తొలగించే ఎంజైములు

నిర్వచనం, పరిధి

ఆర్‌ఎన్‌ఏ పోగుకు రెండు కొసలుంటాయి. కణంలో ముందుగా తయారయ్యే కొసను 5′ కొస అని, ఆఖరున తయారయ్యేదాన్ని 3′ కొస అని అంటారు. రైబోజ్ చక్కెరలోని ఏ కార్బన్ ఆ కొసవైపు ఉందో దాన్నిబట్టి ఈ పేర్లు పెట్టారు. అనులేఖనం అప్పుడే మొదలైన ఆర్‌ఎన్‌ఏకు 5′ కొసన మూడు ఫాస్ఫేట్లుంటాయి. 3′ కొసన హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. ఈ స్థితి ఎక్కువసేపు నిలవదు. ఫాస్ఫేట్లు ఊడతాయి, ఒక న్యూక్లియోటైడ్ తలకిందులుగా వచ్చి 5′ కొసకు అతుక్కుంటుంది (దీన్నే క్యాప్ అంటారు), మిథైల్ గుంపులు చేరతాయి, మరో కొసన అడినిన్‌ల వరస పెరుగుతుంది. కొన్ని వైరస్‌లలోనైతే చిన్న ప్రోటీన్ ఒకటి కొసకు అంటుకుని ఉంటుంది. వీటన్నిటినీ కలిపి కొసల రసాయన మార్పులు అంటారు. పోగు నడుమ భాగంలోని మార్పులు ఈ వ్యాసంలోకి రావు (చూ. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ).

ఏ ఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు బతకాలో, దాని నుంచి ప్రోటీన్ తయారు కావాలో వద్దో, కణం దాన్ని తనదిగా గుర్తించాలో పరాయిదిగా గుర్తించాలో చాలావరకు కొసలే తేలుస్తాయి. కాబట్టి మార్పును చేర్చే ఎంజైములతో సమానంగా తొలగించే ఎంజైములకూ ప్రాధాన్యం ఉంది. పరిశోధన మాత్రం రెండింటిపైనా ఒకే వేగంతో సాగలేదు. క్యాప్ నిర్మాణం 1975లో తేలింది. దాన్ని కోసే ప్రధాన ఎంజైము జన్యువులు చేతికి అందేసరికి మరో ఇరవై ఏళ్లు దాటింది.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అడవుల్లో, చేలల్లో, ఊళ్లలో వ్యాధులు తెచ్చే వైరస్‌లను వరసగా చూస్తే ఇక్కడ చెప్పుకునే కొసల రకాల్లో చాలావాటికి ఉదాహరణలు దొరుకుతాయి. 2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణ తర్వాత ఈ ప్రాంతం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉంది. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. ఈ వ్యాసంలో ఉదాహరణలను వీలైనంతవరకు ఈ ప్రాంతం నుంచే తీసుకున్నాం.

చరిత్ర

క్యాప్‌ను కనుగొన్న కథ పట్టుపురుగు వ్యాధితో మొదలవుతుంది. సైటోప్లాస్మిక్ పాలీహెడ్రోసిస్ వైరస్ పట్టుపురుగు పేగు కణాల్లో చేరి, కణద్రవ్యంలో బహుముఖ స్ఫటికాలను పేరుస్తుంది. దాని జన్యుపదార్థం రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైము వైరస్ రేణువులోనే ఉంటుంది. అందువల్ల కణాల జోలికి పోకుండా పరీక్షనాళికలోనే పని చూడవచ్చు. జపాన్‌లోని మిషిమా పట్టణంలో, జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో ఈ వైరస్‌పై పనిచేస్తున్న యసుహిరో ఫురుయిచి 1974లో ఒక వింత ఫలితం ప్రకటించాడు. మిథైల్ గుంపులను దానం చేసే ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌ను చేర్చగానే ఆర్‌ఎన్‌ఏ తయారీ బాగా పెరిగింది. మిథైల్ చేరికకూ ఆర్‌ఎన్‌ఏ మొదలవడానికీ ఏదో ముడి ఉందని అప్పుడు అర్థమైంది.

సందేశ ఆర్‌ఎన్‌ఏల 5′ కొసన మిథైల్ గుంపులున్న ప్రత్యేక నిర్మాణం ఉండవచ్చని ఫ్రిట్జ్ రాట్‌మన్, ఆరన్ షాట్కిన్, రాబర్ట్ పెర్రీ అదే ఏడాది సూచించారు. 1975లో ఆధారాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పట్టుపురుగు వైరస్‌లో ఫురుయిచి, కిన్-ఇచిరో మియురా, రియోవైరస్‌లో షాట్కిన్ బృందం, వాక్సీనియా వైరస్‌లో చా-మెర్ వే, బెర్నార్డ్ మాస్ ఇంచుమించు ఒకే నిర్మాణాన్ని చూపారు. కొద్ది నెలల్లోనే జంతుకణాల సొంత సందేశ ఆర్‌ఎన్‌ఏలలోనూ అది కనిపించింది. ప్రోటీన్ తయారీకి 7-మిథైల్ గ్వానోసిన్ అవసరమని షాట్కిన్ ప్రయోగశాలలోని ముత్తుకృష్ణన్, సహచరులు 1975లోనే చూపారు.

దీనికి కాస్త ముందు నుంచే హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో హారిస్ బుష్ బృందం కేంద్రకంలోని చిన్న ఆర్‌ఎన్‌ఏల వరసలను చదువుతోంది. ఎలుక కాలేయ క్యాన్సర్ కణాల నుంచి తీసిన యూ1, యూ2 వంటి ఆర్‌ఎన్‌ఏల కొసన మూడు మిథైల్ గుంపులున్న గ్వానోసిన్ ఉందని ఆ పనిలోనే బయటపడింది. ఆ బృందంలోని రామ్ రెడ్డి, ఆర్. సింగ్‌తో కలిసి 1989లో యూ6 ఆర్‌ఎన్‌ఏకు ఇంకో రకం క్యాప్ ఉందని తేల్చాడు. అందులో గ్వానోసిన్ ఉండదు. మూడు ఫాస్ఫేట్లలో చివరిదానిపై ఒక మిథైల్ గుంపు మాత్రమే ఉంటుంది. క్యాప్ అంటే ఒకే ఒక్క నిర్మాణం అన్న అభిప్రాయాన్ని సడలించిన తొలి పరిశోధనల్లో ఇది ఒకటి.

ఇంకా పెద్ద మలుపు 2009లో వచ్చింది. హార్వర్డ్‌లో డేవిడ్ లియు బృందం బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసి ద్రవ్యరాశి వర్ణపటంతో వెతకగా, కొసల్లో ఎన్‌ఏడీ, కోఎంజైమ్-ఏ కనిపించాయి. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకు క్యాప్ ఉండదని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి.

5′ కొస మార్పులు

గ్వానోసిన్ క్యాప్. నిజకేంద్రక జీవుల సందేశ ఆర్‌ఎన్‌ఏపై ఇది మూడు మెట్లలో ఏర్పడుతుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 నుంచి ఇరవై ముప్పై న్యూక్లియోటైడ్లు బయటికి రాగానే ట్రైఫాస్ఫటేజ్ చివరి ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. గ్వానిలైల్ ట్రాన్స్‌ఫరేజ్ జీటీపీ నుంచి జీఎంపీని ముందు తన లైసిన్‌కు తగిలించుకుని, తర్వాత దాన్ని ఆర్‌ఎన్‌ఏ కొసకు అందిస్తుంది. ఆఖరున మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ ఆ గ్వానోసిన్ 7వ స్థానంలో మిథైల్‌ను చేరుస్తుంది. మామూలు ఆర్‌ఎన్‌ఏ బంధం 3′ నుంచి 5′కు ఉంటుంది. క్యాప్ బంధం మాత్రం మూడు ఫాస్ఫేట్ల మీదుగా 5′ నుంచి 5′కు ఉంటుంది. మామూలు ఆర్‌ఎన్‌ఏ కోత ఎంజైములకు అది చిక్కకపోవడానికి కారణం ఇదే.

ఇంతవరకు ఏర్పడినది క్యాప్-0. మొదటి న్యూక్లియోటైడ్ చక్కెరపై కూడా మిథైల్ చేరితే క్యాప్-1, రెండోదానిపైనా చేరితే క్యాప్-2. మొదటి న్యూక్లియోటైడ్ అడినోసిన్ అయితే దాని క్షారంపై మరో మిథైల్ పడవచ్చు. ఆ పని చేసే ఎంజైము పీసీఐఎఫ్1. కేంద్రకంలో క్యాప్‌ను ఒక జంట ప్రోటీన్ పట్టుకుంటుంది, కణద్రవ్యంలో ఈఐఎఫ్4ఈ పట్టుకుని రైబోజోమ్‌ను పిలుస్తుంది. చక్కెరపై మిథైల్‌కు వేరే ప్రయోజనం ఉంది. అది లేని ఆర్‌ఎన్‌ఏను ఐఎఫ్ఐటీ1 అనే రక్షణ ప్రోటీన్ పట్టి ఆపేస్తుంది. క్యాప్ అసలే లేక మూడు ఫాస్ఫేట్లు బయటికి కనిపించే జంటపోగు ఆర్‌ఎన్‌ఏను రిగ్-ఐ గుర్తించి, ఇంటర్‌ఫెరాన్ తయారీకి సంకేతం పంపుతుంది (చూ. సహజ రోగనిరోధకత).

ట్రైమిథైల్ క్యాప్, మిథైల్ ఫాస్ఫేట్ క్యాప్. మొదటిది యూ1, యూ2, యూ4, యూ5 ఆర్‌ఎన్‌ఏలది, రెండోది యూ6, 7ఎస్‌కే ఆర్‌ఎన్‌ఏలది. వీటిని టీజీఎస్1, మెప్‌సీఈ ఎంజైములు వరసగా తయారుచేస్తాయి.

జీవక్రియా సహకారకాల క్యాప్‌లు. ఎన్‌ఏడీ, ఎఫ్‌ఏడీ, డీఫాస్ఫో కోఎంజైమ్-ఏ వంటి అణువుల్లో అడినోసిన్ భాగం ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఏటీపీకి బదులు వీటితోనే పోగును మొదలుపెట్టగలదని 2016లో బ్రైస్ నికెల్స్ బృందం చూపింది. అంటే ఇది తర్వాత అతికించిన క్యాప్ కాదు, పుట్టుకతోనే వచ్చినది. బాక్టీరియాలోనే కాక ఈస్ట్‌లో, మొక్కల్లో, మనిషి కణాల్లో కూడా ఎన్‌ఏడీ క్యాప్‌లున్నాయి. హెపటైటిస్-సీ వైరస్ ఆర్‌ఎన్‌ఏకు ఎఫ్‌ఏడీ క్యాప్ ఉందని 2023లో తెలిసింది. బాక్టీరియాలో ఒత్తిడి వేళ నాలుగు ఫాస్ఫేట్లున్న న్యూక్లియోసైడ్ క్యాప్‌లు కూడా పోగవుతాయి.

ప్రోటీన్ క్యాప్. పోలియో, గాలికుంటు వంటి వైరస్‌లలో వీపీజీ అనే చిన్న ప్రోటీన్ తన టైరోసిన్ ద్వారా 5′ కొసకు అతుక్కుంటుంది. ఈ ఆర్‌ఎన్‌ఏలు క్యాప్ అవసరం లేని వేరే దారిలో రైబోజోమ్‌ను రప్పిస్తాయి.

3′ కొస మార్పులు

సందేశ ఆర్‌ఎన్‌ఏకు 3′ కొసన ఉండే అడినిన్‌ల తోక 1971లో వెలుగులోకి వచ్చింది. క్షీరద కణాల్లో కొత్త తోక సుమారు 200 నుంచి 250 అడినిన్‌ల పొడవుంటుంది, ఈస్ట్‌లో సుమారు 70. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏలన్నిటికీ 3′ కొసన సీసీఏ అనే మూడక్షరాలుంటాయి. మొక్కల్లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల చివరి చక్కెరపై హెన్1 ఎంజైము మిథైల్‌ను చేరుస్తుంది. ఆ మిథైల్ లేకపోతే వాటి చివర యూరిడిన్‌లు చేరి, అవి త్వరగా నశిస్తాయి. కొన్ని ఆర్‌ఎన్‌ఏల చివర వలయ ఫాస్ఫేట్ ఉంటుంది. యూ6 ఆర్‌ఎన్‌ఏ చివరను యూఎస్‌బీ1 కత్తిరించి అలా మారుస్తుంది. ఆ జన్యువు దెబ్బతిన్నవారికి చర్మం మచ్చలుపడి, తెల్లరక్తకణాలు తగ్గే అరుదైన వ్యాధి వస్తుంది.

తొలగించే ఎంజైములు

వీటిని నాలుగైదు కుటుంబాలుగా విడదీస్తారు. ఈ విభజన ప్రోటీన్ నిర్మాణాన్నిబట్టి చేసినది. పనినిబట్టి చూస్తే హద్దులు చెరిగిపోతాయి, ఒకే ఎంజైము రెండు మూడు రకాల కొసలను కోస్తుంది.

నుడిక్స్ కుటుంబం. న్యూక్లియోసైడ్ డైఫాస్ఫేట్‌కు ఇంకేదైనా అతికి ఉన్న అణువులను ఇవి జలవిశ్లేషణ చేస్తాయి. వీటిలో 23 అమైనో ఆమ్లాల గుర్తింపు వరస ఉంటుంది. అందులోని గ్లుటమేట్లు మెగ్నీషియం లేదా మాంగనీస్ అయాన్లను పట్టుకుంటాయి. వీటిలో ముఖ్యమైనది డీసీపీ2. రాయ్ పార్కర్ ప్రయోగశాల 1990ల దశకంలో ఈస్ట్‌లో మొదట డీసీపీ1ను, 1999లో డీసీపీ2ను గుర్తించింది. కోసేది డీసీపీ2యేనని, డీసీపీ1 దానికి తోడు మాత్రమేనని తర్వాత తేలింది. మనిషిలోని డీసీపీ2ను 2002లో మెగర్డిచ్ కిలెడ్జియన్ బృందం సహా పలు బృందాలు వర్ణించాయి.

డీసీపీ2 ఆర్‌ఎన్‌ఏకు దగ్గరగా ఉన్న మొదటి, రెండో ఫాస్ఫేట్ల మధ్య కోస్తుంది. 7-మిథైల్ జీడీపీ విడిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ కొసన ఒకే ఫాస్ఫేట్ మిగులుతుంది. ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే నాశక ఎంజైము వెతికేది ఆ ఒంటరి ఫాస్ఫేట్‌నే. అది దొరికితే 5′ వైపు నుంచి పోగంతా నమిలేస్తుంది. ఒక్కసారి క్యాప్ తెగితే సాధారణంగా వెనక్కి తిరిగే దారి లేదు కాబట్టి ఈ కోతపై అదుపు గట్టిగా ఉంటుంది. డీసీపీ2 ఒంటరిగా మందకొడి ఎంజైము. అది రెండు ఆకారాల మధ్య ఊగుతుంటుంది, డీసీపీ1, ఈడీసీ3 వంటి సహాయకులు తోడైతేనే కోసే ఆకారంలో నిలుస్తుంది. చాలా సందేశ ఆర్‌ఎన్‌ఏలలో ముందు అడినిన్ తోక కురచవుతుంది. మిగిలిన మొండి తోకపై ఎల్‌ఎస్‌ఎం1-7 వలయం, పాట్1 చేరతాయి. అవి డీసీపీ2ను పిలుస్తాయి. అంటే 3′ కొసన మొదలైన కబురు 5′ కొసకు చేరుతుంది.

మనిషిలో ఇంకా పలు నుడిక్స్ ప్రోటీన్లున్నాయి. నుడ్ట్16, నుడ్ట్3 గ్వానోసిన్ క్యాప్‌ను కోయగలవు. నుడ్ట్12 ఎన్‌ఏడీ క్యాప్‌ను కోస్తుంది. బాక్టీరియాలో ఆర్‌పీపీహెచ్ 5′ కొసన అదనపు ఫాస్ఫేట్లను తీసేసి ఒక్కటే మిగులుస్తుంది. అక్కడి నుంచి ఆర్‌ఎన్‌ఏజ్-ఈ కోత మొదలవుతుంది. ఈ సంగతిని జోయెల్ బెలాస్కో బృందం 2008లో చూపింది. బాక్టీరియాకు గ్వానోసిన్ క్యాప్ లేకపోయినా ఫాస్ఫేట్ల తొలగింపే అక్కడ క్యాప్ తొలగింపు పాత్ర పోషిస్తుందని దీనితో స్పష్టమైంది. మరో బాక్టీరియా ఎంజైము నడ్‌సీ ఎన్‌ఏడీ క్యాప్‌ను నడిమికి కోసి ఎన్‌ఎంఎన్‌ను విడుదల చేస్తుంది. దీన్ని 2015లో జర్మనీలో ఆండ్రెస్ యెష్కె బృందం నిరూపించింది. నాలుగు ఫాస్ఫేట్ల క్యాప్‌ను తొలగించే అపాహెచ్ నుడిక్స్ కుటుంబానికి చెందదు.

హిట్ కుటుంబం. ఆర్‌ఎన్‌ఏ 3′ వైపు నుంచి అరిగిపోతే చివరకు క్యాప్‌తో పాటు రెండు మూడు న్యూక్లియోటైడ్ల తునక మిగులుతుంది. డీసీపీఎస్ ఆ తునకలనే కోస్తుంది, పొడవాటి ఆర్‌ఎన్‌ఏ జోలికి పోదు. తునకలు పోగుపడితే ఈఐఎఫ్4ఈ వాటికే అంటుకుపోయి అసలు ఆర్‌ఎన్‌ఏలకు దక్కకుండా పోతుంది. మనుషుల్లో ఈ జన్యువు లోపిస్తే బుద్ధిమాంద్యం, కండరాల బలహీనత ఉన్న అరుదైన వ్యాధి వస్తుంది.

డీఎక్స్‌ఓ, రాయ్1 కుటుంబం. ఇది తప్పుగా ఏర్పడ్డ క్యాప్‌లను ఏరేసే తనిఖీ వ్యవస్థ. మిథైల్ చేరని అసంపూర్ణ క్యాప్‌ను మొత్తంగా ఊడబెరికి, ఆ ఆర్‌ఎన్‌ఏను నాశనానికి పంపుతుంది. లియాంగ్ టాంగ్, కిలెడ్జియన్ బృందాలు దీని పనిని వివరించాయి. ఎన్‌ఏడీ క్యాప్‌ను కూడా డీఎక్స్‌ఓ తొలగిస్తుందని 2017లో తేలింది. నడ్‌సీ ఎన్‌ఏడీని విరగ్గొడితే, డీఎక్స్‌ఓ దాన్ని చెక్కుచెదరకుండా విడదీస్తుంది. బాక్టీరియాలో ఎన్‌ఏడీ క్యాప్ ఆర్‌ఎన్‌ఏకు రక్షణ అయితే, క్షీరద కణాల్లో అదే నాశనానికి పిలుపులా పనిచేస్తుంది. ఒకే రసాయనానికి రెండు చోట్ల రెండు ఫలితాలు రావడం ఈ రంగంలో ఇంకా చర్చ నడుస్తున్న విషయం.

ఇతరాలు. టీడీపీ2 ఎంజైము వీపీజీ ప్రోటీన్‌కూ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య బంధాన్ని తెంపుతుంది. ఇది డీఎన్‌ఏ మరమ్మతు ఎంజైముగా ముందే తెలిసినదే. ఎఫ్‌టీఓ క్యాప్ పక్కనున్న అడినోసిన్ క్షారంపై మిథైల్‌ను మాత్రమే తీస్తుంది, క్యాప్ అలాగే ఉంటుంది. అడినిన్ తోకను పాన్2-పాన్3, సీసీఆర్4-నాట్, పార్న్ కురచచేస్తాయి. వలయ ఫాస్ఫేట్‌ను టీ4 ఫేజ్ పాలీన్యూక్లియోటైడ్ కైనేజ్ వంటివి విప్పి తొలగిస్తాయి.

ఉత్తర తెలంగాణ ఉదాహరణలు

దసలి పట్టుపురుగు. చెన్నూరు, కోటపల్లి, బెజ్జూరు, మహదేవపూర్ అడవుల్లో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లపై దసలి పురుగులను మేపి కాయలు తీయడం పాత వృత్తి. ఇక్కడి పురుగును శాస్త్రసాహిత్యంలో ఆంధ్ర లోకల్ రకంగా పేర్కొంటారు. శాస్త్రీయనామం ఆంథెరియా మైలిటా. ఫురుయిచి పనిచేసిన వైరస్‌కు బంధువైన సైటోప్లాస్మిక్ పాలీహెడ్రోసిస్ వైరస్ దసలి జాతికీ సోకుతుంది. కలుషితమైన ఆకుతో కడుపులోకి పోయి పేగు కణాలను పాడుచేస్తుంది. మేత తగ్గి, పురుగు ఎదగక, కాయ కట్టకముందే చావవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అనంత కుమార్ ఘోష్ బృందం ఈ దసలి వైరస్‌లోని 11 జన్యుఖండాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. క్యాప్ తయారీకి కావలసిన గ్వానిలైల్ ట్రాన్స్‌ఫరేజ్ 5వ ఖండంలో, ట్రైఫాస్ఫటేజ్, మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ 4వ ఖండంలో ఉన్నాయని 2010ల దశకంలో చూపింది. ఈ వైరస్‌ల రేణువుపై బురుజుల్లాంటి బోలు నిర్మాణాలుంటాయి. కొత్త ఆర్‌ఎన్‌ఏ ఆ బురుజుల గుండా బయటికి వస్తూనే క్యాప్ తొడుక్కుంటుంది.

గొర్రెల నీలి నాలుక వ్యాధి. దీని వైరస్‌కు 10 ఖండాల జంటపోగు ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దసలి వైరస్‌కు దూరపు చుట్టమే అయినా దీనికి బురుజులు లేవు. వీపీ4 అనే ఒకే ప్రోటీన్ క్యాప్-1కు కావలసిన చర్యలన్నీ వరసగా జరుపుతుంది. క్యాప్ తయారీ ఎంజైములను అర్థం చేసుకోవడానికి వీపీ4 ప్రామాణిక నమూనాగా మారింది. కులికాయిడెస్ అనే అతి చిన్న కీటకాలు కుట్టి ఈ వ్యాధిని వ్యాపింపజేస్తాయి, వానల తర్వాత ఉధృతి ఎక్కువ.

గాలికుంటు. పశువుల కాపరులందరికీ తెలిసిన ఈ వ్యాధి వైరస్ వీపీజీ కొసకు ఉదాహరణ. చాలా వైరస్‌లకు ఒకే వీపీజీ జన్యువుంటే దీనికి వరసగా మూడున్నాయి. దీని టీకాను పెద్దయెత్తున తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ హైదరాబాద్‌లోనే ఉంది.

పత్తి, వేరుశనగ. ఆదిలాబాద్ నల్లరేగళ్లలో పత్తి ప్రధాన పంట. పత్తిని ఆశించే పొగాకు చార తెగులు వైరస్ ఆర్‌ఎన్‌ఏలకు మామూలు గ్వానోసిన్ క్యాప్ ఉంటుంది, అడినిన్ తోక ఉండదు. వయ్యారిభామ పుప్పొడిలో చేరి, తామర పురుగుల ద్వారా ఇది పంటకు అంటుతుంది. 2000లో అనంతపురం వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్ళుకు కారణం కూడా ఇదే వైరస్ అని ఇక్రిశాట్ గుర్తించింది. వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ దీనికి భిన్నం. ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి బృందం 1992లో దాన్ని శుద్ధిచేసి టాస్పోవైరస్‌గా వర్ణించింది. ఈ జాతి వైరస్‌లకు క్యాప్ తయారుచేసుకునే ఎంజైములే లేవు. మొక్క సందేశ ఆర్‌ఎన్‌ఏల కొసను కొన్ని న్యూక్లియోటైడ్లతో సహా కత్తిరించి, దాన్నే తమ ఆర్‌ఎన్‌ఏకు మొదలుగా వాడుకుంటాయి. ఫ్లూ వైరస్ చేసే పనీ ఇదే. కాబట్టి కొసలను తొలగించే ఎంజైముల పట్టికలో ఈ దొంగకోత ఎంజైములకూ చోటివ్వాలి. తేడా ఏమిటంటే, ఇవి క్యాప్‌ను పారేయవు, ఎత్తుకుపోతాయి.

డెంగీ, మెదడువాపు, చికున్‌గన్యా. వానాకాలంలో ఏజెన్సీ మండలాలను, పట్టణాలను ఒకేలా పట్టే డెంగీ వైరస్ క్యాప్-1 తొడుగుతుంది. అందులో ఎన్‌ఎస్3 ఫాస్ఫేట్ తీస్తుంది, ఎన్‌ఎస్5 రెండు మిథైల్ గుంపులనూ చేరుస్తుంది. జపనీస్ మెదడువాపు వైరస్‌దీ అదే పద్ధతి. వీటికి అడినిన్ తోక ఉండదు. 3′ వైపు ఆర్‌ఎన్‌ఏ గట్టిగా ముడిపడి ఉండటంతో ఎక్స్‌ఆర్‌ఎన్1 నమలుతూ వచ్చి అక్కడ ఆగిపోతుంది. మిగిలిపోయిన తునక కణ రక్షణను కుంటుపరుస్తుంది. చికున్‌గన్యాలో మెట్ల వరస తిరగబడుతుంది. ఎన్‌ఎస్‌పీ1 ముందే జీటీపీకి మిథైల్ చేర్చి, ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏకు అందిస్తుంది. క్యాప్-0 దగ్గరే ఆగుతుంది.

కోవిడ్. 2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన విదేశీ సందర్శకుల్లో వైరస్ బయటపడటంతో రాష్ట్రంలో తొలి కట్టడి చర్యలు ఆ పట్టణంలోనే మొదలయ్యాయి. ఈ వైరస్ క్యాప్‌కు నాలుగు వేర్వేరు ఎంజైములు పనిచేస్తాయి: ఎన్‌ఎస్‌పీ13, ఎన్‌ఎస్‌పీ12, ఎన్‌ఎస్‌పీ14, ఆఖరున ఎన్‌ఎస్‌పీ10 తోడుతో ఎన్‌ఎస్‌పీ16.

ఎన్‌ఏడీ క్యాప్, జొన్న, పెల్లాగ్రా

ఎన్‌ఏడీ తయారీకి ముడిసరుకు నియాసిన్ విటమిన్, ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లం. జొన్న గటక ప్రధానాహారమైన దక్కను ప్రాంతంలో నియాసిన్ లోపంతో పెల్లాగ్రా ఒకప్పుడు విస్తారంగా ఉండేది. మొక్కజొన్న తినేవారి వ్యాధిగా పేరుపడిన పెల్లాగ్రా జొన్న తినేవారిలో ఎందుకొస్తోందన్న ప్రశ్నను హైదరాబాద్‌లో, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన ప్రయోగశాలల్లో, కొలుతూరు గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య పరిశీలించారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తర్వాత చాలా వాదప్రతివాదాలు జరిగాయి. కణంలో ఎన్‌ఏడీ మోతాదు పెరిగితే ఎన్‌ఏడీ క్యాప్ ఉన్న ఆర్‌ఎన్‌ఏ కూడా పెరుగుతుందని కణవర్ధన ప్రయోగాలు ఇటీవల చూపాయి. ఈ రెంటినీ కలిపి పెల్లాగ్రా క్యాప్ లోపం వల్లనే వస్తుందనడం తొందరపాటు. ఎన్‌ఏడీ కణంలో వందల చర్యలకు అవసరం, క్యాప్ వాటిలో ఒకటి మాత్రమే.

పరిశోధన పద్ధతులు

ఫాస్ఫేట్‌ను కొలవగలగడం ఈ రంగానికి పునాది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో హార్వర్డ్‌లో ప్రకటించిన రంగుమార్పు పద్ధతి దశాబ్దాలపాటు ఫాస్ఫరస్ కొలతకు ప్రామాణికంగా నిలిచింది. మాలిబ్డేట్‌తో ఫాస్ఫేట్ కలిసినప్పుడు వచ్చే నీలిరంగు గాఢతను కొలవడం దాని సారం. ఫాస్ఫేట్‌ను విడుదల చేసే ఎంజైములను పరీక్షించేందుకు ఇలాంటి పద్ధతులే ఆధారమయ్యాయి. సూక్ష్మమోతాదులకు తర్వాత రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 వచ్చింది.

క్యాప్ ఉన్న ఆర్‌ఎన్‌ఏలను వేరుచేయడానికి పొగాకు కణాల నుంచి తీసిన ఆమ్ల పైరోఫాస్ఫటేజ్‌ను చాలాకాలం వాడారు. ఇప్పుడు దాని స్థానంలో ఆర్‌పీపీహెచ్‌ను ఎక్కువగా వాడుతున్నారు. ఎన్‌ఏడీ క్యాప్‌లను పట్టే పద్ధతిలో సముద్రపు నత్త అప్లీసియా నుంచి వచ్చిన ఒక సైక్లేజ్ ఎంజైముతో నికోటినమైడ్‌ను ఆల్కైన్ గుంపుతో మార్చి, దానికి బయోటిన్ తగిలిస్తారు. నేపథ్య కాలుష్యం ఈ పద్ధతికున్న పెద్ద సమస్య. అందుకే వేర్వేరు ప్రయోగశాలలు ప్రకటించిన ఎన్‌ఏడీ క్యాప్‌ల జాబితాలు తరచూ కలవవు.

వైద్యంలో, టీకాల్లో

దొంగకోతను అడ్డుకునే బలోక్సావిర్‌కు 2018లో జపాన్, అమెరికాలు ఫ్లూ మందుగా అనుమతినిచ్చాయి. డీసీపీఎస్‌ను నిరోధించే ఒక రసాయనాన్ని వెన్నెముక కండరాల క్షీణత వ్యాధికి మనుషులపై తొలిదశలో పరీక్షించారు. వాక్సీనియా వైరస్‌కు డీ9, డీ10 అనే రెండు సొంత క్యాప్ కోత ఎంజైములున్నాయి. ఆతిథేయ కణపు ఆర్‌ఎన్‌ఏలను త్వరగా వదిలించుకోవడానికి అవి ఉపకరిస్తాయి. అదే వైరస్ క్యాప్ తయారీ ఎంజైమును కర్మాగారాల్లో టీకా ఆర్‌ఎన్‌ఏకు క్యాప్ తొడగడానికి వాడుతున్నారు. రెండో పద్ధతిలో క్యాప్‌ను పోలిన కృత్రిమ తునకతోనే పోగును మొదలుపెడతారు. ఏ పద్ధతిలోనైనా క్యాప్ లేని పోగులు కొన్ని మిగులుతాయి. వాటి ఫాస్ఫేట్లు, జంటపోగు మలినాలు అనవసరపు వాపు ప్రతిస్పందన తెస్తాయి కాబట్టి శుద్ధి తప్పనిసరి.

హైదరాబాద్‌లో సీసీఎంబీకి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ (సందేశ ఆర్‌ఎన్‌ఏ) టీకా సాంకేతికతను సిద్ధం చేసినట్లు 2022 మేలో ప్రకటించింది. అంతకు నెల ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఎంఆర్‌ఎన్‌ఏ సాంకేతికతను అందుకునే సంస్థగా హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఈని ఎంపిక చేసింది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో కోవిడ్ కాలంలో ఎక్కువమంది వేసుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ రెండూ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు కావు. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపిన వైరస్. కోవిషీల్డ్‌లోని అడినోవైరస్ డీఎన్‌ఏను కణ కేంద్రకంలోకి చేరుస్తుంది. అక్కడ పుట్టే స్పైక్ ఆర్‌ఎన్‌ఏకు క్యాప్‌ను, తోకను టీకా వేసుకున్న మనిషి సొంత ఎంజైములే తొడుగుతాయి. కొన్నాళ్లకు వాటిని తొలగించేవీ ఆ కణంలోని ఎంజైములే.